స్టోర్సు పిల్లి సాక్ష్యం

ఇప్పుడు గోదావరిఖనిలో ఏ పాన్ డబ్బా దగ్గర నిలబడినా, సెకండ్ షిఫ్టుకు పోయే డంపర్ ఆపరేటర్ల చేతుల్లో సన్నటి రేకు డబ్బాలు కనిపిస్తాయి. నిద్ర ఆగుతుందని, సత్తువ వస్తుందని తాగుతారు. ఏ వస్తువు మీదనైనా వెనక రాసింది చదవనిదే నాకు నమ్మకం కుదరదు కాబట్టి ఒకరోజు అడిగి తీసుకుని చదివాను. చక్కెర, కెఫీన్, వాటి కింద టారిన్. ఆ మాట నాకు కొత్త కాదు. దాన్ని నేను మొదటిసారి విన్నది ఒక ఎంక్వైరీ గదిలో. అప్పుడు బల్ల పక్కన అట్టపెట్టెలో ఒక గుడ్డి పిల్లి ఉంది.

నేను బొగ్గు కంపెనీ సెక్యూరిటీలో ముప్పై నాలుగేళ్లు చేసి జమేదారుగా దిగిపోయాను. కొత్తగా ఈ నౌకరీలో చేరిన పిల్లలు కనిపిస్తే దొంగలను పట్టిన కథలు చెప్పమని అడుగుతారు. చెబుతుంటాను కూడా, కాస్త ఉప్పూకారం వేసి. ఇది అలాంటిది కాదు. ఇందులో దొంగే లేడు. ఉన్నాడని నమ్మినవాణ్ణి నేను. అందుకే ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

అనుమానం నాకు నౌకరీ వల్ల వచ్చిందో, అనుమానం వల్లే నౌకరీ కుదిరిందో తెలియదు. మా ఆవిడ చాయ్ ఇస్తే పాలు ఎక్కడివని అడిగి గాని నోట్లో పోసుకోను. రిటైర్మెంటు రోజు కప్పిన శాలువాను వేదిక మీదే మడత విప్పి చూశాను, ఎవరికో కప్పిందే నాకూ కప్పారేమోనని. అందరూ నవ్వారు. నవ్వనివ్వండి. చిరుగైతే లేదు.

నా ఆఖరి పోస్టింగు కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనికి సామాను పంపే ఒక స్టోర్సులో. పెద్ద పెద్ద షెడ్లు, వాటి నిండా కేబుల్ డ్రమ్ములు, కన్వేయర్ బెల్టు చుట్టలు, మోటర్లు. ప్రహరీకి ఆనుకుని మా డిపార్టుమెంటు కుక్కల కొట్టం. స్టోర్సుకు అసలు శత్రువులు ఎలుకలు. కేబుల్ రబ్బరును కొరికి లోపలి రాగి బయటపెడతాయి. ఒకసారి మందమర్రి నుంచి వచ్చిన లారీలో, డ్రమ్ముల సందున ఒక చారల పిల్లి దిగింది. ఆర్నెల్లలో ఎలుకల సందడి తగ్గింది. దానికి పేరు ఎవరూ పెట్టలేదు, పిల్లి అనే పిలిచేవాళ్లం.

దాన్ని సాకింది స్టోర్సులో ఊడ్చే జనరల్ మజ్దూర్. భర్త గనిలో పోతే వారసత్వంగా నౌకరీ వచ్చింది ఆమెకు. నలభై దాటి ఉంటాయి. ఇంట్లో అత్తా, పాలిటెక్నిక్ చదివే బిడ్డ. ఎక్కువ మాట్లాడదు. మధ్యాహ్నం టిఫిన్ విప్పిందంటే చేప తలకాయో, బొక్కకు అంటిన మాంసమో పిల్లికి పక్కన పెట్టాకే తాను తినేది. నాకు అదీ అనుమానంగానే ఉండేది. తనకు చాలీచాలని కూరలో పిల్లికి వాటా పెట్టేవాళ్లు లోకంలో ఉంటారా అని.

ఒక ఎండాకాలం రాగి తీగ ముక్కలు కనబడకుండా పోయాయి. నేను రాత్రీ పగలూ ఆలోచించి, అవి టిఫిన్ డబ్బాల్లో బయటికి పోతున్నాయని తేల్చాను. తేల్చడానికి నాకు ఆధారం అక్కర్లేదు. మర్నాడే రెండు పనులు చేశాను. షెడ్డు కిటికీలకు, గోడల బొక్కలకు ఇనుప జాలీ కొట్టించాను. టిఫిన్ డబ్బాలే కాదు, తినే వస్తువేదీ గేటు లోపలికి రావద్దన్నాను. అందరూ గేటు బయట రేకుల కింద తిని రావాలి. రెండోదానికి పైనుంచి కాగితమేమీ లేదు. నోటి మాటగా నేనే పెట్టిన రూలు. యూనియన్ వాళ్లు అడిగితే చూద్దాంలే అనుకున్నాను. ఆడవాళ్లు గొణిగారు గాని ఎదురు తిరగలేదు. రాగి దొంగ దొరకలేదు. నా మనసు మాత్రం నిమ్మళమైంది.

ఏడాదిన్నర గడిచింది. ఒకరోజు షెడ్డులో తిరుగుతుంటే పిల్లి నా ముందే నడుచుకుంటూ పోయి ఇనుప స్తంభానికి తల కొట్టుకుంది. పక్కకు జరిగి మళ్లీ కొట్టుకుంది. దగ్గరికి పోయి చూస్తే కంటిపాపలు పట్టపగలు కూడా గుండ్రంగా విచ్చుకుని ఉన్నాయి. వేలు ఆడించినా రెప్ప వేయలేదు. డొక్కలు ఎండిపోయాయి. నాలుగడుగులు వేస్తే రొప్పుతోంది.

అదే వారం ఇంకొకటి కనిపెట్టాను. షెడ్డు మూలన కుక్కల ఫీడు బస్తాలు కొన్ని వేరుగా పడేసి ఉండేవి. అన్నీ తడిసినవో, చిరిగినవో. కుక్కలకు పనికిరావని కమిటీ సంతకం పెడితే పారబోయాలి. కమిటీకి తీరిక దొరకలేదు. సంతకం పడేదాకా పనికిరానిది కూడా కంపెనీ సొత్తే, అది మా రూలు. ఆ బస్తాల్లో ఒకటి ఖాళీ అయి మడత పెట్టి ఉంది. రెండోది సగానికి వచ్చింది. ఎలుక అయితే కొరుకుతుంది, తింటుంది. మడత పెట్టి పోదు కదా.

ఇక నా బుర్ర పరుగందుకుంది. ఎవరో ఫీడు బయటికి తీసి అమ్ముతున్నారు. అడిగితే ఎలుకల మీదికి తోయాలి. ఎలుకలు రావాలంటే పిల్లి పనికిరాకుండా పోవాలి. అందుకే దాని కళ్లలో ఏదో పోశారు. ఎంత చక్కగా అతికిందో చూడండి. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

రెండో రోజు ఫస్టు షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గర తనిఖీ పెట్టి కుక్కను కూడా నిలబెట్టాను. మందుగుండు వాసన పట్టే కుక్క అది, పసిగడితే మనిషి ఎదుట కూర్చుంటుంది. వరసగా అందరూ దాటుతున్నారు. ఆమె రాగానే కుక్క టక్కున ఆమె ముందు కూర్చుని తోక ఊపింది. కుక్కను పట్టుకున్న జవాను బిత్తరపోయాడు. కొంగు విప్పి చూపించమన్నాను. కొంగు ముడిలో గుప్పెడు ఫీడు గుళికలు. తన తిండి వాసన ఆ కుక్క పట్టకుండా ఎలా ఉంటుంది!

ఆమె తప్పించుకోవాలని చూడలేదు. పొద్దున పిల్లికని రెండు గుప్పెళ్లు ముడి వేసుకున్నానని, అది ఒక గుప్పెడే తిన్నదని, మిగిలింది విప్పడం మరిచిపోయానని చెప్పింది. నేను పట్టించుకోలేదు. దొరికినవాళ్లందరూ మరిచిపోయామనే అంటారు, ముప్పై ఏళ్లుగా వింటూనే ఉన్నాను. రిపోర్టు రాశాను. గట్టిగా రాశాను. ఫీడు దొంగతనంతో పాటు, దాన్ని దాచడానికి పిల్లి కళ్లు పోగొట్టిందని కూడా చేర్చాను.

చార్జిషీటు ఇచ్చి ఆమెను సస్పెండు చేశారు. కంపెనీ సొత్తు దొంగతనం రుజువైతే నౌకరీ పోతుంది. నౌకరీ పోతే క్వార్టరు ఖాళీ చేయాలి. అప్పుడు ఆ ముసలి అత్తా, చదువుకునే బిడ్డా ఎక్కడుంటారని మా జవాను నన్ను అడిగాడు. ఫీడు కట్టుకునేటప్పుడు ఆ సంగతి ఆమె ఆలోచించాల్సిందని అన్నాను.

మొదటి ఎంక్వైరీ రోజు ఆమె ఒకే మాట మీద ఉంది. ఫీడు తీసిన మాట నిజం, రోజూ పిల్లికి పెట్టిన, ఒక్క గింజ బయటికి పోలేదు. నేను లేచి అడిగాను, ఏడాదికి పైగా గుప్పెళ్లకు గుప్పెళ్లు తిన్న పిల్లి కొవ్వెక్కాలి గదా, ఎందుకట్లా ఎండిపోయి గోడలకు కొట్టుకుంటోందని. పిల్లి ఎందుకు చిక్కుతున్నదో తనకూ తెలియదని, కళ్లు సరిగా కనబడడం లేదని నెల కింద గమనించి దవాఖానలో కళ్లల్లో వేసే మందు ఏదన్నా ఉందా అని అడిగివచ్చానని ఆమె చెప్పింది. నేను ఎంక్వైరీ అధికారి వైపు తిరిగి, చూశారా, కళ్లలో ఏదో వేసే ఆలోచన ఉన్నట్టు ఆమే ఒప్పుకుంటోంది అన్నాను. అంత దూరం పోయింది నా తెలివి.

ఆ అధికారి నిదానస్తుడు. పిల్లికి విషం పెట్టారో లేదో పశువుల డాక్టరు చెబితే తప్ప తాను రాయనన్నాడు. కుక్కలను చూడడానికి నెలకోసారి వచ్చే డాక్టరును పిలిపించారు. ఆయన పిల్లిని ఎత్తి బల్ల మీద పెట్టి, కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. గుండె మీద గొట్టం ఆనించి ఇంకాసేపు విన్నాడు. ఏం తింటుందని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మొహంలో ఏదో వెలిగినట్టయింది, నాకది నచ్చలేదు. ఈ ఇద్దరికీ ముందే పరిచయం ఉందా అని ఆలోచించాను. రక్తం తీసి హైదరాబాదుకు పరీక్షకు పంపాలన్నాడు. అయితే నా కళ్ల ముందే తీయాలన్నాను. గొట్టానికి నేనే గుడ్డ చుట్టి, డీజిల్ ట్యాంకరుకు వేసినట్టే లక్క కరిగించి సీలు వేశాను. డాక్టరు నవ్వు ఆపుకున్నాడు.

రిపోర్టు వచ్చాక రెండోసారి కూర్చున్నాం. పిల్లిని ఆమే అట్టపెట్టెలో తెచ్చింది. డాక్టరు ముందుగా, ల్యాబు వాళ్లు తిప్పి పంపిన సీలు మీదేనా అని నన్ను అడిగి ఒప్పించుకుని అప్పుడు మొదలుపెట్టాడు. రక్తంలో విషం లేదు. లేకుండా పోయింది ఇంకొకటి, దాని పేరు టారిన్. ఉండాల్సినదాంట్లో నామమాత్రం కూడా మిగల్లేదు.

ఎంక్వైరీ అధికారి అదేమిటని అడిగాడు. డాక్టరు ఓపికగా చెప్పాడు. మాంసంలో, చేపల్లో ఉండే చిన్న పదార్థమట అది. మొదట ఎద్దు పిత్తంలో దొరికిందట, పేరు కూడా ఎద్దు మీదుగానే వచ్చిందట. కండగా మారిపోకుండా ప్రతి కణంలోనూ విడిగా మసలుతుందట. కణంలోకి నీళ్లు ఎంత రావాలి, ఎంత బయటికి పోవాలి అనేది చూస్తుంది. గుండె కండరంలో కాల్షియం రాకపోకలను అదుపులో పెడుతుంది. కాలేయంలో పిత్తంతో కూడి కొవ్వును అరిగిస్తుంది. రాకపోకలు చూసే పని అనగానే నాకు సగం అర్థమైంది, నేను చేసేదీ అదే కదా. కంటి వెనక తెరలో వెలుతురు పట్టే కణాలకైతే అది మరీ ముఖ్యమట. అక్కడ తగ్గితే ఆ కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు.

మనిషి దాన్ని ఒంట్లోనే కొంత తయారు చేసుకుంటాడు. కుక్క కూడా చేసుకుంటుంది. అందుకని కుక్కల ఫీడులో అది సరిపడా ఉండకపోయినా నడిచిపోతుంది. మక్కజొన్నలు, సోయా పిండితో చేసే చవక రకంలో ఇంకా తక్కువ. పిల్లికి మాత్రం సొంతంగా చేసుకునే శక్తి చాలా కొంచెం. పైగా పిత్తంతో పాటు రోజూ కొంత పోగొట్టుకుంటూనే ఉంటుంది. తిండిలో రావాల్సిందే.

అప్పుడు ఆయన నా వైపు చూసి అన్నాడు.

"దీని కండ్లల్ల ఎవ్వరు ఏం పొయ్యలే. ఏడాదికి ఎక్కువనే అయింది, ఇది కుక్కల ఫీడు తప్ప ఇంకోటి ముట్టలే. నడుమ నడుమ ఎలుకలు దొరికినా, చేపలు దొరికినా గిట్ల కాకపోతుండె. ఆమె ఫీడు అమ్ముకునుంటే దీనికి గీ రోగమే రాదు సార్."

నేను అంత తేలిగ్గా వదిలేవాణ్ణా! సగం పెట్టి సగం అమ్మి ఉండవచ్చు కదా అన్నాను. ఆయన అదీ ఆలోచించుకునే వచ్చాడు. ఖాళీ అయిన బస్తాన్నర, పిల్లి బరువు, గడిచిన నెలలు కాగితం మీద వేసి చూపించాడు. అంతా ఆ పిల్లి కడుపులోకే పోయింది. బయటికి పోవడానికి ఏమీ మిగలలేదు. రక్తం గొట్టం మీద సీలు నాది. రక్తం మార్చారనడానికీ వీల్లేదు.

గదిలో అందరి మొహాలూ తేటపడ్డాయి, ఒక్క ఆమెది తప్ప. ఆమె అట్టపెట్టె మీద చెయ్యి పెట్టుకుని డాక్టరును అడిగింది.

"అంటే నేను పెట్టినదానితోనే దీని కండ్లు పోయినయా సార్?"

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గుండె బాగవుతుందని, టారిన్ పొడి ఇస్తానని, రోజూ చేప ముక్కలో కలిపి పెట్టమని చెప్పాడు. కళ్ల సంగతి ఎత్తలేదు. నౌకరీ నిలబడిన మనిషి ఏడుస్తుంటే చూడడం నాకు అదే మొదలు.

ఎంక్వైరీ అధికారి రాసుకోవడం ఆపి, ఫీడుకు ముందు పిల్లికి ఏం పెట్టేదానివని అడిగాడు. నా టిఫిన్ల నుంచి చేప తలకాయలు, బొక్కలు అంది. మరి ఎందుకు మానేశావని అడిగాడు.

డాక్టరు మాంసం, చేపలు అన్నప్పుడే నాకు తట్టింది. టిఫిన్లు ఆపింది నేను. ఎలుకలు రాకుండా, పిల్లి బయటికి పోకుండా జాలీ కొట్టించింది నేను. తలుపు తీసినా అవతల కుక్కల కొట్టం, పిల్లి ఎటు పోతుంది? అన్ని దారులూ నేనే మూశాను. మిగిలిన ఒక్క దారి ఆమె గుప్పిట. ఆ రూలుకు కాగితం లేదని బయటపడితే యూనియన్ ఊరుకోదు. ఎనిమిది నెలల్లో దిగిపోయేవాణ్ణి, నా మీదే చార్జిషీటు వచ్చేది.

ఆమె ఒకసారి నా వైపు చూసింది. తర్వాత అధికారి వైపు తిరిగి అంది.

"తీరలే సార్."

తీరిక లేక మానేసిందని ఆయన రాసుకున్నాడు. నేను లేచి నిజం చెప్పవచ్చు. లేవలేదు. పనికిరాని సరుకు అడగకుండా తీసినందుకు ఒక హెచ్చరిక కాగితంతో ఆమెను డ్యూటీలోకి తీసుకున్నారు. ఆమె దొంగ కాదని తేల్చిన ఆ గదిలోంచి దొంగలా బయటికి వచ్చింది నేనొక్కణ్ణే.

ఇక నాకు కొత్త ఫికర్ పట్టుకుంది. ఎందుకు చెప్పలేదు? ఏం కావాలి ఈమెకు? ఊరికే ఎవరు కాపాడతారు? తేలికైన డ్యూటీ అడుగుతుందేమో, అత్త పేరు మీద ఏదైనా సంతకం పెట్టమంటుందేమో అని రోజూ ఎదురుచూశాను. గేటు దగ్గర ఆమె నమస్తే పెడితే అందులో ఏదో ఉందనిపించేది. పెట్టకపోతే ఇంకా ఎక్కువ అనిపించేది. టిఫిన్ల రూలు మాత్రం మర్నాడే ఎత్తేశాను, ఎవరూ అడగకముందే. ఆమె ఏమీ అడగలేదు. వారం, నెల, నాలుగు నెలలు. అడిగేస్తే బాగుండేది, నా లెక్కలో మనిషి మళ్లీ మామూలుగా కుదిరేది.

రిటైర్మెంటుకు ఇక పది రోజులుందనగా నేనే తట్టుకోలేకపోయాను. మధ్యాహ్నం షెడ్డులోకి పోయాను. ఆమె కేబుల్ డ్రమ్ము నీడలో కూర్చుని చేప ముక్కను వేళ్లతో నలిపి, అందులో డాక్టరు ఇచ్చిన పొడి కలుపుతోంది. పిల్లి ఒళ్లు చేసింది. రొప్పు పోయింది. మీసాలతో తడుముకుంటూ ఆమె మోకాలి దాకా వచ్చి ఆగింది. కళ్లు అలాగే, పెద్దగా, ఎటు చూస్తున్నాయో తెలియకుండా ఉన్నాయి.

అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని అడిగాను.

"చెల్లె, ఆనాడు ఎంక్వైరీల నా పేరు ఎందుకు చెప్పలేదు? టిఫిన్లు బంద్ పెట్టింది నేనే గద."

ఆమె తల ఎత్తలేదు. ముక్క పిల్లి నోటి దగ్గర పెట్టి, అది వాసన పట్టి అందుకునేదాకా ఆగింది.

"మీ పేరు చెప్తె దీనికి కండ్లొస్తయా సార్?"

ఆ మాటను అటు తిప్పి, ఇటు తిప్పి చూశాను. లోపల ఏమీ దాచిపెట్టి లేదు. ఉన్నది ఉన్నట్టు అడిగింది, అంతే. నాకు సిగ్గేసింది. నౌకరీ మొత్తంలో ఎప్పుడూ వేయనంత సిగ్గు. తప్పు నాది చెల్లె అనాలని ఒక అడుగు ముందుకు వేశాను.

పిల్లి ముక్క వదిలేసి, చెవులు వెనక్కి పెట్టి ఆమె ఒడి కిందికి దూరింది.

"జర ఆగుండ్రి సార్. మీ బూట్ల చప్పుడంటె దానికి భయం. మీరు పోయిందాక తినది."

నేను అక్కడే వంగి లేసులు విప్పాను. బూట్లు రెండూ చేత్తో పట్టుకుని, మేజోళ్లతో బొగ్గు బూడిద పరిచిన నేల మీద గేటు దాకా నడిచాను. ఎవరెవరు చూశారో నేను చూడలేదు.